ఇంటి ముచ్చట: ఈటె తుపాకీ బేరం

ఈ వారం మాగాయ గురించి రాస్తానని పోయిన వారం మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు పాఠకులు, ముఖ్యంగా జాడీలు కడిగి ఎండబెట్టుకుని కూర్చున్న అక్కయ్యలు, నన్ను మన్నించాలి. మాగాయ ఎక్కడికీ పోదు. వచ్చేవారం తప్పకుండా పెడదాం. ఈలోగా ఒక తుపాకీ సంగతి చెప్పాలి.

"తుపాకీయా!" అని ఉలిక్కిపడకండి. మొదట నేనూ అలాగే ఉలిక్కిపడ్డాను.

మా రెండోవాడు సిడ్నీలో వుద్యోగం చేస్తున్నాడని ఇదివరకే రెండు మూడుసార్లు ఈ పేజీలో రాశాను. ఆమధ్య ఒక డిసెంబరులో మా వారూ నేనూ వెళ్ళి మూడు నెలలు వాడి దగ్గర వుండి వచ్చాం. మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో వాళ్ళకి మండువేసవి. ఊరు వూరంతా సముద్రం మీదే వుంటుంది. ఒక ఆదివారం పొద్దున్న ఇడ్లీలు వడ్డిస్తుంటే మావాడు తల ఎత్తకుండా, "అమ్మా, నేనొక స్పియర్ గన్ కొందామనుకుంటున్నాను" అన్నాడు.

"అదేమిటిరా?"

"నీళ్ళలోకి మునిగి చేపల్ని ఈటెతో కొట్టే తుపాకీ. మందుగుండు వుండదులే. రబ్బరు లాగి వదలడమే."

మా వారు పేపరు కాస్త కిందికి దించి, "బజార్లో చేపలు అమ్మడం మానేశారా?" అని మళ్ళీ పేపరు ఎత్తేశారు. మా కోడలు, "మీరే చెప్పండత్తయ్యా! నెలరోజులనుంచి నేను చెబుతూనే వున్నాను" అంది. నేను ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎందుకు వెళ్ళిపోయానో తర్వాత చెబుతాను.

మాది కాకినాడ. మొప్ప ఎత్తి చూడకుండా చేప కొన్న పాపాన పోలేదు నేను. వస్తువేదైనా సరే, తెలియనిది కొనేటప్పుడు తెలిసినవాణ్ణి నాలుగు ప్రశ్నలు అడగాలన్నది మా అమ్మ నేర్పిన చదువు. అంచేత ఆ శనివారం వాడు దుకాణానికి బయల్దేరుతుంటే, "నేనూ వస్తాను పద" అన్నాను. కోడలు కూడా చీర మార్చుకుని కారెక్కింది.

ఆ దుకాణం నిండా రబ్బరు చొక్కాలు, కప్పకాళ్ళలాంటి పొడుగాటి చెప్పులు, గోడ పొడుగునా వరసగా తుపాకులు. యజమాని అరవై దాటిన పెద్దమనిషి, తెల్లగడ్డం. ఆయన ఇంగ్లీషు నాకు సగం అర్థమయింది. మిగతా సగం కోడలు చెప్పింది.

మావాడు తిన్నగా వెళ్ళి అన్నిటికంటె పొడుగున్న దాని ముందు నిలబడ్డాడు. చిన్నప్పుడు తిరనాళ్ళలో పెద్ద బూర కోసం పేచీ పెట్టినట్టే! ఆయన నవ్వి, "అది సరే, నువ్వు మునగబోయే చోట నీళ్ళలో ఎంత దూరం కనిపిస్తుంది?" అని అడిగాడు. మావాడికి తెలియదు.

అదీ మొదటి ప్రశ్న. చీరకి పన్నా ఎంతో, ఈ తుపాకీకి పొడుగు అంత. 75, 90, 110, 120 అంటూ సెంటీమీటర్ల లెక్కన అమ్ముతారు. ఆ కొలత గొట్టానిది. పిడీ, ముందుకు పొడుచుకువచ్చే ఈటే కలిస్తే ఇంకా పొడుగవుతుంది. తుపాకీ పొడుగైతే రబ్బరు ఎక్కువ సాగుతుంది, ఈటె ఎక్కువ దూరం పోతుంది. మరి పొడుగుదే కొంటే పోలేదా అంటే, పోలేదు. నీళ్ళు మడ్డిగా వుండి మూడు మీటర్లకు మించి కనిపించనిచోట పొడుగు తుపాకీ పట్టుకుంటే, దాని కొస దగ్గరికి వచ్చేదాకా చేప కంటపడదు. కంటపడ్డాక తుపాకీ తిప్పుదామంటే, నీళ్ళలో అంత పొడుగు కర్ర తిప్పడం ఇరుకు వంటింట్లో రోకలి తిప్పడం లాంటిది. చేప మనకోసం ఆగుతుందా? నీళ్ళు మసకగా వుండేచోటా, రాళ్ళ సందుల్లోనూ 75 చాలు. కాచిన నెయ్యిలా తేటగా వుండే లోతు నీళ్ళలో పెద్ద చేపల వెంట పడేవాళ్ళకు 110, 120. సిడ్నీ ఒడ్డున రోజుకొక తీరుగా వుంటాయట నీళ్ళు. అక్కడ కొత్తగా దిగేవాడికి 90 మంచిదని ఆయన సలహా. దానితో తుపాకీ కొసనుంచి రెండు మూడు మీటర్ల దూరంలో వున్న చేపని కొట్టవచ్చు. అంతకంటె దూరాన వున్నదాన్ని కొత్తవాడు ఎలాగూ కొట్టలేడన్నాడు.

రెండో ప్రశ్న, ఏ రకం?

వీటిలో ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది అసలు తుపాకీయే కాదు, పొడుగాటి కర్ర. వెనక రబ్బరు ఉచ్చు వుంటుంది. దాన్ని బొటనవేలి సందులో తగిలించి, లాగి కర్ర పట్టుకుని, చేప దగ్గరకు రాగానే పిడికిలి వదలడమే. చవక, చెడిపోయేందుకు ఏమీ లేదు. కాని చేపకు మరీ దగ్గరగా పోవాలి. అలా పోవడం నేర్చుకున్నవాడే అసలైన వేటగాడు అంటారట పాతకాలంవాళ్ళు.

రెండోది రబ్బరు తుపాకీ. మన పిల్లలు మామిడికాయలు కొట్టే పంగలకర్రే ఇది. కాకపోతే గొట్టమూ, పిడీ, మీటా అమర్చారు. ఫ్రెంచివాళ్ళు దీన్ని అడ్డవిల్లు పేరుతోనే పిలుస్తారు. మూడోది గాలి తుపాకీ. లోపల పంపుతో గాలి దట్టించి వుంటుంది. పొట్టిగా వుండి గట్టిగా కొడుతుంది. మధ్యధరా సముద్రం ఒడ్డున రాళ్ళ సందుల్లో వేటాడేవాళ్ళకు ఇష్టం. కాని లోపల వాషర్లూ, నూనే, వాటి సేవా వుంటాయి. ఒక వాషరు చెడిందంటే తుపాకీ అటక ఎక్కుతుంది. రబ్బరుదైతే, తెగినా అక్కడే ఒడ్డున కూర్చుని కొత్తది తగిలించుకోవచ్చు. "మొదటి తుపాకీ రబ్బరుదే" అని ఆయన తేల్చేశాడు. గ్యాసు పొయ్యి కొనేవాళ్ళకు నేను చెప్పేదీ అదే. ఎన్ని హంగులుంటే అన్ని మరమ్మతులు!

ఈ వేట కొత్తదేమీ కాదు. ఊపిరి బిగబట్టి మునిగి ఈటెతో చేపల్ని కొట్టే జాతులు ప్రపంచంలో ఎన్నో వున్నాయి. సరదాకోసం చేయడమే ఇటీవలి సంగతి. ఫ్రాన్సు దక్షిణ తీరంలో కాపురమున్న గై గిల్పాట్రిక్ అనే అమెరికన్ రచయిత విమానం నడిపేవాళ్ళ పాత కళ్ళద్దాలకు లప్పం పూసి నీళ్ళు చొరకుండా చేసుకుని మునిగేవాడట. ఆయన ఆ ముచ్చట్లతో రాసిన పుస్తకం 1938 లో వచ్చింది. సిడ్నీలో 1948 లోనే ఈ వేటగాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. అంటే ఆ వూళ్ళో ఈ ముచ్చట నాకంటె పెద్దది.

మూడో ప్రశ్న నేను అడిగాను. "దీనిలో చెడిపోయేవి ఏమిటి, చూసి తీసుకోవలసినవి ఏమిటి?"

ఆయనకి నా ప్రశ్న నచ్చింది కాబోలు, ఒక తుపాకీ కిందికి దించి భాగాలన్నీ చూపించాడు. కొనేవాళ్ళకు పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

గొట్టం: అల్యూమినియంది, కార్బనుది, కర్రది అని వుంటాయి. కార్బనుది తేలిక, ఖరీదెక్కువ, రాళ్ళకు కొట్టుకుంటే పెచ్చులూడుతుంది. కర్రది బరువు, నిలకడ. కాని కర్ర సామాను కనక కనిపెట్టి వుండాలి. కొత్తవాడు తుపాకీని రాళ్ళకు కొట్టక మానడు గనక అల్యూమినియంది నయం. గొట్టం పైన పొడుగునా ఈటె కూర్చునే గాడి వుంటే మంచిది. ఈటె వంగకుండా తిన్నగా పోతుంది.

ఈటె: ఏడు మిల్లీమీటర్ల లావు వుంటే సరిపోతుంది. కొసదగ్గర ఒక రెక్క వుంటుంది. చేపలోంచి దూసుకుపోయాక ఆ రెక్క విచ్చుకుని చేప జారిపోకుండా పట్టుకుంటుంది. మెత్తటి ఉక్కుదైతే ఒకటి రెండు రాళ్ళకు తగలగానే వంగిపోతుంది. వంగిన ఈటె తిన్నగా పోదు. బల్లమీద దొర్లించి చూస్తే వంకర తెలిసిపోతుంది. అప్పడాల కర్ర కొనేటప్పుడు మనం చేసే పరీక్షే!

రబ్బరు: పదహారు, పద్ధెనిమిది, ఇరవై మిల్లీమీటర్ల లావుల్లో వుంటుంది. మావాడు రెండు రబ్బర్లు వేయించుకుందామన్నాడు. ఆయన తల అడ్డంగా వూపాడు. రబ్బరు మరీ బలమైనదైతే వదిలేటప్పుడు తుపాకీ మూతి పైకి లేచి గురి తప్పుతుంది. పైగా ఎక్కుపెట్టడం ఏమంత తేలిక కాదు. పిడి అడుగుభాగాన్ని రొమ్ము ఎముకకు ఆనించి, రెండు చేతులతోనూ రబ్బరును సమంగా లాగి ఈటె మీది గాడిలో తగిలించాలి. నీళ్ళలో తేలుతూ చేయాలి సుమండీ! మొదటిసారి ఎవరైనా లాగుతారు. రెండు గంటలు ఈదాక, చేతులు చల్లబడ్డాక, ఇరవయ్యోసారి లాగగలిగే రబ్బరే మన రబ్బరు. కొత్తవాడికి ఒకటి చాలు.

మూతి: రబ్బరూ, ఈటే గుచ్చి పెట్టే మూసిన మూతి ఒక రకం. పైన తెరిచి వుండే మూతి ఇంకొకటి. తెరిచినదైతే గురి చూడడం సులువు. మూసినదైతే ఈటె పక్కకు జారదు, కొత్తచేతికి తికమక వుండదు. ఏదైనా పరవాలేదన్నాడు.

మీట: లోపలి యంత్రం తుప్పు పట్టని ఉక్కుదై వుండాలి. పిడి మన చేతికి అమరాలి. చేతితొడుగు వేసుకుని కూడా పట్టి చూడాలి. మీట పక్కన తాళంలాంటి బుడిపె ఒకటి వుంటుంది. అది వేస్తే మీట కదలదు. "దాన్ని నమ్మకు. అసలు అది లేదనుకుని మసులుకో" అన్నాడాయన.

దారం: ఈటెకు దారం కట్టి వుంటుంది. దానికి చక్రం బిగించుకుంటే బాగుంటుందని మావాడి సరదా. అదీ వద్దన్నాడు. చక్రానికి బదులు నీళ్ళమీద తేలే బుడగ ఒకటి, దానినుంచి తుపాకీ దాకా తాడు వుంటే చాలు. పెద్ద చేప లాగితే తుపాకీ వదిలేసి పైకి వచ్చి, బుడగ పట్టుకోవచ్చు. బుడగ మీద నీలం తెలుపు జెండా వుంటుంది. కింద మనిషి వున్నాడని పడవలవాళ్ళకు అదే గుర్తు.

ఇంతా కలిపి చూస్తే, కొత్తవాడికి కావలసిన తుపాకీ రెండు మూడు వందల ఆస్ట్రేలియా డాలర్లలో దొరుకుతుంది. గోడమీద అంతకు అయిదారింతలు ఖరీదు చేసేవి కూడా వున్నాయి. అవి ఎప్పుడు కొనాలి అంటే, ఎందుకు కావాలో నువ్వే చెప్పగలిగిననాడు కొనాలి అన్నాడు. ఎంత మంచి మాట! వంటింటి సామాన్లకు కూడా ఇది వర్తిస్తుంది.

ఇంటికి తెచ్చాక చేసే సేవ కూడా చెప్పాడు. సముద్రంనుంచి రాగానే మంచినీళ్ళతో శుభ్రంగా కడగాలి. ఎండలో పెట్టకూడదు, రబ్బరు చచ్చిపోతుంది. రబ్బరుమీద సన్నని నెర్రెలు కనిపిస్తే మార్చేయాలి.

ఇహ అన్నిటికంటె పెద్ద నియమం. నీళ్ళలోకి దిగేదాకా తుపాకీ ఎక్కుపెట్టకూడదు. నీళ్ళలోంచి లేచేముందే దింపేయాలి. ఎక్కుపెట్టినా పెట్టకపోయినా మనిషివైపు తిప్పకూడదు. నీళ్ళలో ఈటె నాలుగు మీటర్లు పోయేసరికి వేగం చస్తుంది. బయట గాలిలో అడ్డేమీ వుండదు. దారం చివరిదాకా దూసుకుపోయి, దారం లాగితే ఒక్కొక్కప్పుడు వెనక్కి కూడా తిరిగి వస్తుంది. దుకాణంలోనో, ఇంటి వసారాలోనో సరదాకి పేల్చి చూసేవాడికి తుపాకీ అమ్మనన్నాడు.

ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు నీళ్ళలో నీడ చూసి పైనున్న మత్స్యయంత్రాన్ని కొట్టాడంటే చిన్నప్పుడు ఆశ్చర్యపోయేవాళ్ళం. నీటిలోపల కూడా అలాంటి చిక్కే వుంది. కళ్ళకు అద్దం పెట్టుకుని నీళ్ళలో చూస్తే, కాంతి వంగడంవల్ల చేప వున్న దూరంలో మూడు వంతులకే వున్నట్టు కనిపిస్తుంది. వున్నదానికంటె మూడోవంతు పెద్దదిగా కూడా కనిపిస్తుంది. దగ్గరగా వుందనుకుని కొట్టి తప్పిపోయేవాళ్ళే ఎక్కువట.

పెద్దదిగా కనిపించడంలో ఇంకో చిక్కుంది. సిడ్నీ వున్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఏ చేప ఎంత పొడుగుంటే పట్టవచ్చో చట్టం వుంది. బ్రీమ్ అనే చేప 25 సెంటీమీటర్లన్నా వుండాలి. కింగ్ ఫిష్ 65. నీళ్ళలో 25 లాగా కనిపించేది బయటికి తెస్తే 19 కూడా వుండదు! గాలానికి పడిన చిన్న చేపని వదిలేయవచ్చు. ఈటె దిగిన చేపని ఎలా వదులుతాం? అంచేత అనుమానమున్న చేపని కొట్టకూడదు. చేపలు పట్టేందుకు రుసుము కట్టి రసీదు దగ్గర వుంచుకోవాలి. వీపుమీద గాలి సిలిండరు కట్టుకుని ఈటెతో వేటాడడం అక్కడ నిషేధం. ఒక్క ఊపిరితో ఎంతసేపు వుండగలిగితే అంతే.

కొన్ని చేపల జోలికి అసలే పోకూడదు. బ్లూ గ్రోపర్ అని మనిషంటే భయంలేని పెద్ద చేప ఒకటుంది. మునిగేవాళ్ళ వెంట కుక్కపిల్లలా తిరుగుతుందట. పుట్టినప్పుడు ఆడది, గోధుమరంగు. పెద్దదయ్యాక వాటిలో కొన్ని మగవై నీలంగా మారతాయి. 1998 లో దాన్ని ఆ రాష్ట్రపు చేపగా ప్రకటించారు. దాన్ని ఈటెతో కొట్టడం 1969 నుంచే నిషేధం. 2023 డిసెంబరులో సిడ్నీ దక్షిణాన జనమందరికీ మాలిమి అయిన ఒక గ్రోపరును ఎవరో ఈటెతో చంపితే ఆ పేటవాళ్ళు ఇంటి మనిషి పోయినట్టు బాధపడ్డారు. 2024 లో దాన్ని గాలంతో పట్టడం కూడా ఆపేశారు. ఒకప్పుడు అక్కడి వేటగాళ్ళు గ్రే నర్స్ అనే సొరచేపని భయంకరమైనదనుకుని ఈటెలతో తెగ చంపారు. తీరా చూస్తే అది పాపం సాధువు. దాదాపు నాశనమయ్యాక 1984 లో చట్టం చేసి కాపాడారు. చేతిలో ఆయుధం వున్నవాడికి ముందు తెలియవలసింది దేన్ని కొట్టకూడదో అనిపించింది నాకు.

మావాడికి అన్నీ నచ్చాయి. 90 సెంటీమీటర్లది, అల్యూమినియంది, ఒక రబ్బరుది ఎంచుకున్నాడు. డబ్బు తీయబోతుంటే ఆయన నాలుగో ప్రశ్న అడిగాడు.

"ఎవరితో వెళ్తావు?"

"ఒక్కణ్ణే. పొద్దున్నే వెళ్ళి ఒక గంటలో వచ్చేస్తాను."

ఆయన మాట్లాడకుండా తుపాకీ తీసుకెళ్ళి మళ్ళీ గోడకు తగిలించేశాడు. "ఊపిరి బిగబట్టడం రెండు రోజులు నేర్పేవాళ్ళున్నారు. నేర్చుకుని, ఒక తోడు చూసుకుని రా. తుపాకీ ఎక్కడికీ పోదు" అన్నాడు.

తర్వాత ఆయన నావైపు తిరిగి చెప్పింది ఇది. మనకు ఊపిరాడనట్టు అనిపించడం ప్రాణవాయువు తగ్గినందుకు కాదు, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగినందుకు. మునిగేముందు గబగబా ఓ ఇరవైసార్లు ఊపిరి పీల్చి వదిలితే ఎక్కువసేపు వుండవచ్చని కుర్రాళ్ళు అనుకుంటారు. అలా చేస్తే ప్రాణవాయువు ఏమంత పెరగదు. బొగ్గుపులుసు వాయువు మాత్రం ఖాళీ అయిపోతుంది. ఇక పైకి రమ్మని కొట్టవలసిన గంట కొట్టదు. ప్రాణవాయువు అయిపోతుంది, స్పృహ పోతుంది. బాధ వుండదు, పెనుగులాట వుండదు, కేక వుండదు. లోతుకు పోయినవాళ్ళకు మరో ప్రమాదం కూడా వుంది. పది మీటర్ల అడుగున ఒత్తిడి రెట్టింపు గనక వున్న కాస్త ప్రాణవాయువూ అక్కడ సరిపోతుంది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, చివరి రెండు మూడు మీటర్లలో ఒక్కసారిగా చాలకుండా పోతుంది. ఒడ్డు కనిపిస్తుండగానే మనిషి పడిపోతాడు. అంచేత ఇద్దరు వెళ్ళాలి. ఒకడు మునిగితే ఒకడు పైనుండి చూడాలి. ఇద్దరూ ఒకేసారి మునగకూడదు. వాడు పైకి వచ్చాక కూడా అర నిమిషం కళ్ళు తిప్పకూడదు. ఈతలో ఎంత ఘనుడైనా సరే, వేగంగా ఊపిరి పీల్చే పందేలు మాత్రం వద్దు.

కోడలు ఆ మాటలన్నీ తెలుగులో చెబుతుంటే నాకు కాళ్ళు ఆడలేదు. అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయాను.

ఇప్పుడు చెబుతాను. నాకు పదేళ్ళప్పుడు మా పెద్దన్నయ్యకు పదహారు. వేసవి సెలవులకి అమ్మమ్మగారి వూరు వెళ్ళాం. అన్నయ్య ఈతలో చేప. కాలువలో ఎవరు ఎక్కువసేపు మునిగి వుంటారో అని పందెం. గట్టుమీద నిలబడి లెక్కపెట్టే పని నాది. అన్నయ్య మునిగేముందు నావైపు చూసి నవ్వి, కొలిమితిత్తిలా ఊపిరి పీల్చి వదిలాడు, పీల్చి వదిలాడు. అది కూడా నేను లెక్కపెట్టాను. తర్వాత మునిగాడు. నేను నూటయాభైదాకా లెక్కపెట్టాను. వాడు గెలుస్తున్నాడని చప్పట్లు కొట్టాను.

కాలువ లోతు వాడి భుజాలదాకా కూడా లేదు. అంత లోతులేని నీళ్ళలో, అంత ఈత వచ్చినవాడు, చెయ్యి కూడా ఆడించకుండా ఎలా పోయాడో ఎవరికీ అంతుబట్టలేదు. కాలువలో ఏదో పట్టుకుందన్నారు. గంగమ్మ తీసుకుపోయిందన్నారు. ఆ పొద్దున్న అన్నయ్యని ఏదో చిన్న విషయానికి అమ్మ కోప్పడింది. ఆ కోపంతో వాడే రాలేదేమోనని అమ్మ మనసులో ఒక ముల్లు విరిగిపోయింది. ఎవరితోనూ అనలేదు. చివరి రోజుల్లో నాతో ఒక్కసారి అంది. అమ్మ పోయి పదిహేనేళ్ళు దాటింది.

సిడ్నీ దుకాణంలో, గోడనిండా తుపాకుల మధ్య, ఒక పరాయి పెద్దమనిషి చెబితే తెలిసింది నాకు. అన్నయ్య కోపంతో పోలేదు. గెలుద్దామనే పోయాడు. వాడికి ఆ చివరిక్షణంలో బాధ కూడా తెలిసివుండదు. ఈ ఒక్క మాట మా అమ్మకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

మావాడికి మేనమామ నీళ్ళలో పోయాడని తెలుసుగాని, ఎలా పోయాడో నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. వాడు చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుని, "పోనీ, మానేస్తానమ్మా" అన్నాడు.

"మానొద్దు. నేర్చుకుని వెళ్ళు" అన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు తోస్తోంది. సముద్రమంటే భయపడి ఒడ్డున కూర్చోపెట్టడం నాకు చేతనయిన పనే. కాని తెలియకపోవడంవల్ల కదా మా ఇంట్లో అంత నష్టం జరిగింది? తెలిసే అవకాశం వచ్చినప్పుడు దాన్ని కూడా భయంతో మూసేస్తే ఎలా?

వాడు రెండు రోజుల చదువూ చదివాడు. స్పృహ తప్పినవాణ్ణి నీళ్ళలోంచి తీసి ఊపిరి ఎలా అందించాలో కూడా నేర్పారట. కింది ఫ్లాటులో వుండే గ్రీకు కుర్రాణ్ణి తోడుచేసుకున్నాడు. ఆ తర్వాతే తుపాకీ ఇంటికి వచ్చింది. మొదటి మూడు శనివారాలూ వుత్త చేతులతో వచ్చాడు. మా వారు, "ఈ లెక్కన చేప కిలో ఎంత పడిందిరా?" అని అడిగి పేపరు ఎత్తేవారు. నాలుగోవారం లుడెరిక్ అనే చేపని తెచ్చాడు. రాళ్ళమీది పాచి తిని బతికే చేప. స్కేలు పెట్టి కొలిచి మరీ చూపించాడు. చింతపండు వేసి పులుసు పెట్టాను. పులస రుచి రాదు, వస్తుందని అబద్ధం చెప్పను. కాని ముద్ద మిగల్లేదు.

మేము కాకినాడ వచ్చేశాం. వాడు ఇప్పటికీ శనివారాలు వెళ్తాడు. వాళ్ళకి పొద్దెక్కేసరికి మనకింకా తెలతెలవారుతుంటుంది. నేను కాఫీ డికాక్షను పోసుకుంటుండగా ఫోను మోగుతుంది. "ఏం చేప పడిందిరా?" అని నేను అడగను. "ఇద్దరూ వచ్చారా?" అని అడుగుతాను. "ఇద్దరం వచ్చామమ్మా" అంటాడు. అప్పుడు కాఫీ తాగుతాను.

ఈ పేజీ చదివే ఇళ్ళలో తుపాకీ కొనేవాళ్ళు ఎంతమంది వుంటారో గాని, వేసవి సెలవులకు కాలవలకూ చెరువులకూ పరుగెత్తే పిల్లలు లేని ఇల్లు వుండదు. వాళ్ళని కూర్చోబెట్టి, గబగబా ఊపిరి పీల్చి మునిగే పందెం ఎందుకు కూడదో చెప్పండి. కోప్పడకండి, కారణం చెప్పండి. గట్టుమీద లెక్కపెట్టే చెల్లెళ్ళకు కూడా చెప్పండి.

వచ్చేవారం మాగాయ. జాడీలు లోపల పెట్టేయకండి.